మంచు కాదు, ఊక బూడిద

మొన్న మిల్లు గేటు దగ్గర టీ తాగుతుంటే, పక్కన కూర్చున్న కొత్తామె తన ఫోను నా మొహం ముందుకు తెచ్చింది. ఆమె త్రిపురారం వైపు నుంచి రోజూ ఆటోలో పనికి వస్తుంది.

"సూడక్కా, ఈ పిల్ల ఎంత మంచిగుందో. సచ్చిపోయిందంట పాపం. మంచు పడుతుంటే నిలబడి ఏడుస్తుంది సూడు. యాడనో కాశ్మీర్ల తీసినట్టున్నరు."

చూశాను. తెల్లగా ఏదో రాలుతోంది. దాని మధ్య ఒక పిల్ల తల పైకెత్తి నిలబడింది. రెండు కళ్ల నుంచీ నీళ్లు కారుతున్నాయి. వెనక ఎవరో సన్నటి గొంతుతో పాడుతున్నారు. పిల్ల భుజాలకు రెక్కలు అంటించారు.

"కాశ్మీర్ కాదు. మా మేడ," అన్నాను.

"నీకు మేడ గూడ ఉన్నదా అక్కా?" అని ఆమె నవ్వింది.

అప్పుడే లోపల బాయిలర్ ఊదారు. ఆమె నవ్వుతూనే టీ గ్లాసు మీద కొంగు కప్పింది. ఆమె భుజం మీద, ఫోను మీద, ఫోనులో ఉన్న ఆ పిల్ల మొహం మీద నల్లటి బూడిద రాలింది. ఆమె దాన్ని బొటనవేలితో తుడిచి మళ్లీ చూడసాగింది.

మిర్యాలగూడలో మిల్లుల పక్కన బతికేవాళ్లకు ఈ బూడిద గురించి చెప్పక్కర్లేదు. వడ్లు ఉడకబెట్టడానికి బాయిలర్లలో ఊక కాలుస్తారు. గాలి మా వైపు తిరిగినప్పుడు ఆ బూడిద పొరలు పొరలుగా దిగుతుంది. బిందెల మీద మూతలు పెడతాం, ఆరేసిన బట్టలు లోపలికి లాగుతాం. కంట్లో పడిందంటే మాత్రం నలపకూడదు. పక్కనున్నవాళ్లు కొంగు చివర మడిచి, నోటి ఆవిరితో వేడి చేసి, కన్నుకు అద్ది తీయాలి. మా వాడలో ఒకరి కంట్లో పడింది ఇంకొకరు తీస్తారు. ఎవరిది వాళ్లు తీసుకోలేరు.

ఆ పిల్ల కంట్లో ఎక్కువసార్లు తీసింది నేనే.

వాళ్లూ మేమూ ఒకే వాకిట్లో కిరాయికి ఉండేవాళ్లం. నీళ్ల నల్లా ఒకటే, పైకి పోయే మెట్లు ఒకటే. వాళ్లమ్మ అంగన్‌వాడీలో ఆయా. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పిల్ల నన్ను పెద్దమ్మా అనేది. చెప్పులు ఎప్పుడూ వాకిలి వైపు తిప్పి విడిచేది. ఎందుకే అంటే, "పోవాల్నంటే మళ్ల తిప్పుకోవద్దు గదా," అనేది. టీలో బిస్కెట్ విరిగి మునిగేదాకా ఉంచి, గ్లాసు అడుగు నుంచి చెంచాతో తీసుకుని తినేది. నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. చీకట్లో ఆ పిల్ల నవ్వుతోందా ఏడుస్తోందా అని వాళ్లమ్మ చెయ్యేసి చూసి కనుక్కునేది.

కోదాడలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేది. ఒకసారి పండగా లేదు, సెలవా లేదు, వాళ్లమ్మ వెళ్లి పట్టుకొచ్చింది. క్లాసుకు పోవడం లేదని, మంచం దిగడం లేదని హాస్టల్ వాళ్లు ఫోను చేశారట. బస్సు దిగి వచ్చిన పిల్లను చూస్తే జ్వరం మనిషిలా ఉంది, ఒళ్లు మాత్రం చల్లగా ఉంది. ఏమైందే అంటే ఏం కాలేదు పెద్దమ్మా అంది. ఏం కాలేదన్నది అబద్ధం కాదు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరి చేతిలోనూ మోసపోలేదు. ఊరికే లోపల ఆగిపోయింది, అంతే. మాకు అదే అర్థం కాలేదు. కారణం ఉంటే కొట్లాడేవాళ్లం.

కొన్నాళ్లకు కోదాడ నుంచి గదిలో ఉండే స్నేహితురాలు చూడడానికి వచ్చింది. మంచి పిల్లే, పండ్లు తెచ్చింది. ఎండ తగిలితే మంచిదని ఆ రోజు మా పిల్లను మేడ మీదికి ఎక్కించాం. నేను బట్టలు తీస్తున్నాను. బాయిలర్ ఊదారు. పిల్ల తలెత్తి చూసింది, రెండు కళ్లలోనూ పడింది. నీళ్లు ధారగా కారాయి. నేను కొంగు మడుచుకుంటూ వస్తుంటే స్నేహితురాలు ఫోను ఎత్తింది.

"ఆగండి ఆంటీ, ఒక్క నిమిషం. ఒసేయ్, ఏడుస్తుంటే ఎంత బాగున్నావే నువ్వు."

"ఏడుస్తలేనే, మండుతుంది," అంది మా పిల్ల.

ఆ మాట వీడియోలో లేదు. మాట తీసేసి పాట పెట్టారు. నల్ల బూడిదను ఏదో చేసి తెల్లగా మార్చారు. చివర్లో కొంగు పట్టుకున్న నా చెయ్యి రావాలి. అది కత్తిరించారు.

పిల్ల పేరు మీద పెట్టిన ఆ వీడియోను ఎంతమంది చూశారో నాకు లెక్క తెలియదు. పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. వాళ్లమ్మ సంతోషపడింది. బయటి నుంచి వచ్చే మాటలు పిల్ల నాకు చదివి వినిపించేది, అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. "నీ బాధ కూడా ఎంత అందంగా ఉంది." "నీ కళ్లల్లో నన్ను నేను చూసుకున్నా." "నాక్కూడా ఇట్లాంటి బాధ ఉంటే బాగుండు."

"ఉంటే బాగుండు అనేటిది ఎవలే?" అన్నాను.

"ఎవరో పెద్దమ్మా. ముచ్చటపడుతుంది."

"దానికి ఏమన్న పిచ్చా?"

"అదే లేదని బాధ," అంది. భుజాలు ఎగిరాయి.

వాళ్లమ్మా నేనూ పిల్లను సూర్యాపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఎవరూ చూడకూడదని వాళ్లమ్మ ఉదయం మొదటి బస్సుకే బయలుదేరదీసింది. ఎవరైనా అడిగితే చీరలు కొనడానికి పోతున్నాం అని చెప్పమంది. డాక్టరు నెమ్మదిగా మాట్లాడాడు. జబ్బు పేరు చెప్పాడు. గోలీలు రాశాడు. బాగున్నదని మీకు మీరే ఆపొద్దు, ఆపాలంటే నా దగ్గరికి రండి అని ముగ్గురి మొహాలూ చూసి మరీ చెప్పాడు. తిరిగొచ్చే బస్సులో పిల్ల ఫోనులో తన పేరు పక్కన ఆ జబ్బు పేరు రాసుకుంది. దాని పక్కన చందమామ, విరిగిన గుండె బొమ్మ.

వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరికీ తెలియకూడదని చీరల అబద్ధం చెప్పి వచ్చిన తల్లి ఆమె.

నేను అన్నాను: "నాకు షుగర్ ఉన్నది. నేను గూడ నా పేరు పక్కన షుగర్ అని రాపిచ్చుకోవాల్నా?"

"షుగర్‌కు పాట లేదు పెద్దమ్మా," అంది.

గోలీలు మొదట్లో పిల్లను పడగొట్టాయి. మళ్లీ సూర్యాపేట పోయాం, మార్చి ఇచ్చాడు. తర్వాత మెల్లగా తేలింది. అన్నం అడిగి తిన్నది. తల దువ్వుకుంది. మొహం నిండింది. వాళ్లమ్మ పనికి పోతూ మధ్యాహ్నం గోలీ నా చేతికిచ్చి పోయేది. నేను మిల్లు నుంచి అన్నానికి వచ్చినప్పుడు వేయించేదాన్ని. పిల్ల మింగి, నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించేది. చిన్నపిల్లలాగా ఆ… అనేది.

"కనపడ్డదా? లోపల ఊరంత చూసుకో."

"ఊరు పెద్దగనే ఉన్నది, పండ్లు తోముకుంటలేవు," అనేదాన్ని.

నాకు చదువు చెప్పింది ఆ రోజుల్లోనే. చేతులు ఊరికే ఉంచొద్దని డాక్టరు అన్నాడు. పిట్టగోడ మీద పొద్దున్నే బూడిద పల్చగా పరుచుకుని ఉండేది. పిల్ల వేలితో అందులో గీసేది, నేను పక్కన గీసేదాన్ని. తప్పు పోతే అరచేత్తో తుడిచేస్తే సరి. పలక కొనే పని లేకపోయింది. అ, ఆ నుంచి మొదలుపెట్టలేదు. "పొద్దుందాక నువ్వు ఊడ్చేది ఏంది?" అని అడిగి, "ఊక" రాయించింది. ఆ ఊ కొమ్ము తిప్పడానికి నా వేలు వారం తిరిగింది. మిల్లు గేటు మీద పేరు మొదటిసారి కూడబలుక్కుని చదివిన రోజు ఇంటికొచ్చి చెప్తే, వాకిట్లో అందరి ముందూ నా వీపు తట్టింది.

"ఏం రెండో తరగతి, హోంవర్క్ చేసినవా?" అని పొద్దున్నే మెట్ల మీద నుంచి అరిచేది.

"బియ్యం ఏరాలె, తర్వాత చేస్త."

"టీచర్‌కు ఎదురు చెప్తున్నవ్. గోడకు నిలబడు."

యాభై దాటిన మనిషిని నన్ను నిజంగానే గోడకు నిలబెట్టింది. వాళ్లమ్మ చూసి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ తల్లి నవ్వడం నేను చూసింది అప్పుడే.

బూడిదలో ఊక అని రాస్తున్న నా వేలిని కూడా పిల్ల వీడియో తీసి పెట్టింది. ఎవరూ చూడలేదు. నిండిన బుగ్గలతో నవ్వుతూ అప్పడం కొరుకుతున్న వీడియో పెట్టింది. "ఈ అక్కకు ఏమైంది" అని ఒకరు రాశారు. "బాగైపోయినట్టుంది, ఇక చూడక్కర్లేదు" అని ఇంకొకరు. పిల్ల అది నాకు చదివి వినిపించి, ఫోను బోర్లా పెట్టింది.

"బాగైనవని రాసిండ్రు గదా. మంచిదే," అన్నాను.

"నేను బాగున్నన్ని రోజులు ఎవ్వరికీ కనపడను పెద్దమ్మా."

"నాకు కనపడ్తవ్ గదనే."

"నువ్వు చూస్తే ఏమొస్తది," అంది. అనగానే నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు చాలాసేపు.

తర్వాత నాలుక ఎత్తి చూపించడం మొక్కుబడి అయింది. ఆ… అనేది, వెంటనే మూసేది. ఒక ఆదివారం వాళ్లమ్మ కొత్తిమీర కుండీలో మట్టి తిరగేస్తుంటే నానిన గోలీలు తేలాయి. కొన్ని కరిగిపోయి సున్నం ముద్దల్లా ఉన్నాయి.

"ఎందుకే గిట్ల చేసినవ్?" వాళ్లమ్మ గొంతులో కోపం కూడా లేదు. "ఏం తక్కువ చేసిన్నే నీకు? చెప్పు. ఏం కావాల్నో చెప్పు."

"గోలీ ఏస్కుంటే ఏడుపు రాదమ్మా."

"రాకపోతే మంచిదే గదనే."

"నీకు మంచిదే."

"ఈ ఫోను పొయ్యిల పెడ్త సూడు."

"పెట్టు. అప్పుడు నన్ను గూడ పెట్టినట్టే."

తల్లి ఫోను చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. అక్కడే నిలబడింది. మళ్లీ తెచ్చి మంచం మీద పెట్టింది. పొయ్యిలో వేస్తే పిల్ల ఏం చేసుకుంటుందో అని భయం. వేయకపోతే ఏమవుతుందో అని భయం. ఆ రెండు భయాల మధ్య ఆ తల్లి ఎన్నాళ్లు నిలబడిందో నేను చూశాను.

అసలు జబ్బు అప్పుడు వచ్చింది. వీడియోల్లో వచ్చేది కాదు. గోడ వైపు తిరిగి పడుకుంది. స్నానం లేదు. జుట్టు అట్టలు కట్టింది, పేలు పట్టాయి. వాసన వచ్చేది. బహిష్టు గుడ్డలు కూడా మేమే మార్చేవాళ్లం. అన్నం కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు తెరవడానికి ఎంతసేపో. ఒకరోజు వాళ్లమ్మ చేతి మీద గిన్నె విసిరింది, మరుక్షణం ఆ చేతినే పట్టుకుని ఊగిపోయింది. కన్నీళ్లు లేవు. ఎక్కడి నుంచో ఒక మూలుగు మాత్రం వచ్చేది, మనిషి గొంతులా ఉండేది కాదు. అందంగా ఏమీ లేదు. అందులో పాట పెట్టడానికి చోటు లేదు.

సూర్యాపేట పోదాం అంటే లేవలేదు. వాళ్లమ్మ ఒక్కతే వెళ్లి డాక్టరు కాళ్ల దగ్గర కూర్చుని మళ్లీ గోలీలు తెచ్చింది. పొడి చేయకుండా, దాచకుండా, చెప్పే వేయించండి అన్నాడట. చెప్పి, బతిమాలి, వేశాం. కొన్ని రోజులు మింగింది. కొన్ని రోజులు ఉమ్మింది.

ఆ స్థితిలోనే ఒకరోజు పిల్ల ఫోను అందుకుని తనను తానే వీడియో తీసుకుంది. మొహం కడగలేదు, జుట్టు సర్దుకోలేదు. "ఇది గూడ నేనే. ఇదే అసలు," అని ముద్ద ముద్దగా అంది. పాట లేకుండా పెట్టేసింది. నిజం చెప్పింది కదా, ఇక మనుషులు వస్తారని అనుకుందేమో. నేను కూడా అట్లాగే అనుకున్నాను.

మర్నాడు నేను అన్నానికి వచ్చినప్పుడు గోడ వైపే తిరిగి ఉండి ఫోను వెనక్కి చాపింది.

"పెద్దమ్మా, నా కండ్లు అంటుకుపోతున్నయి. ఏం రాసిండ్రో చదువు. రెండో తరగతి పరీక్ష అనుకో."

ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవే ఎక్కువ. అవి నాకు రావు. తెలుగులో ఉన్నవాటి మీద వేలు పెట్టాను. నాకు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటే గానీ మాట రాదు. ఓ, వ, ర్, యా, క్టిం, గ్. చివరి అక్షరం దాకా వస్తే గానీ అదేం మాటో నాకు తెలియలేదు. తర్వాతది: మొహం కడుక్కో ముందు. తర్వాతది: మాకు పాత నువ్వే కావాలి.

నేను ఆగాను. కింద ఇంకా ఉన్నాయి. వాటి మీద వేలు కదుపుతూ, "బాగుండు బిడ్డా, టైముకు తిను అని ఎవరో రాసిండ్రు," అన్నాను.

పిల్ల భుజాలు ఎగిరాయి.

"అట్ల ఎవ్వరు రాయరు పెద్దమ్మా. బిడ్డా అని నువ్వే అంటవ్." ఫోను వెనక్కి లాక్కుని అంది, "పాత నేనే కావాల్నంట."

కొన్నాళ్లకు ఒక పొద్దున వాళ్లమ్మ గోడ అవతలి నుంచి పిలిచింది. "అక్కా, ఇయ్యాల తనంత తనే తానం చేసింది. తల గూడ దువ్వుకున్నది. గోలీ నేనే ఏసిన, నాలుక ఎత్తి చూపిచ్చింది." ఆ గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆమె అంగన్‌వాడీకి పోయింది. నేను మిల్లుకు పోయాను. పొద్దెక్కినాక మనిషి వచ్చి పిలిచాడు. నేను వచ్చేసరికి వాకిట్లో జనం. గడప పక్కన పిల్ల చెప్పులు వాకిలి వైపే తిరిగి ఉన్నాయి.

ఎట్లా పోయిందో చెప్పను. అడిగినవాళ్లెవరికీ చెప్పలేదు. పోయిన తీరు తెలుసుకోవాలని ఎంతమంది ఫోను చేశారో. ఉన్నప్పుడు ఎట్లా ఉందో అడిగినవాళ్లు లేరు.

వాళ్లమ్మ ఇల్లు ఖాళీ చేసి తుంగతుర్తి దగ్గర తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. పోతూ పిల్ల ఫోను నా చేతిలో పెట్టింది. "నువ్వే ఉంచుకో అక్కా. నాకు చదువ రాదు, నువ్వే చదువుకో," అంది. ఆ ఫోనులో తెలుగు అక్షరాలు వచ్చేలా పిల్ల ముందే నా కోసం పెట్టి ఉంచింది.

మొన్న మిల్లు దగ్గర చూసిన ఆ వీడియోను ఇంటికొచ్చి ఆ ఫోనులో వెతికి పట్టుకున్నాను. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు పాతదాన్నే తీసి రెక్కలు అంటించి పెట్టారు. కింద వందలు వందలుగా మాటలు. దేవత. అందమైన బాధ. ఈ లోకానికి తగని మనిషి. ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను. తర్వాత నేను కూడా, పెద్దమ్మ అన్న పేరుతో, రాశాను. బియ్యం ఏరి, వండి, తిన్నంత సేపు పట్టింది ఆ నాలుగు ముక్కలు రాయడానికి.

"ఇది మంచు కాదు. ఊక బూడిద. ఆ రోజు ఆమె ఏడవలేదు. కంట్లో పడింది. ఏడ్చిన రోజులు చూపిస్తే మీరు వద్దన్నారు."

జవాబులు వచ్చాయి. తిడతారేమో, సిగ్గుపడతారేమో అనుకున్నాను. ఎర్రటి గుండె బొమ్మలు వచ్చాయి. "ఎంత బాగా రాశారు." "చదువుతుంటే ఏడుపొచ్చింది." "కవితలా ఉంది." ఎవరో నా మాటలను ఆ పిల్ల బొమ్మ మీద అచ్చు వేసి, కింద అదే పాట పెట్టారు. నా చెయ్యిని కత్తిరించినట్టే నా మాటల్లోంచి కూడా ఏదో కత్తిరించి, మిగిలింది వాడుకున్నారు.

వాటి మధ్యలో ఒక పిల్ల విడిగా నాకు రాసింది. "ఆంటీ, ఆ మేడ ఎక్కడ ఉంది? మాది హుజూర్‌నగర్. నాకు కూడా అదే జబ్బు. గోలీలు మానేశాను. ఒక్కసారి అక్కడ నిలబడి వీడియో తీసుకోవాలి."

రెండుసార్లు చదివాను. హుజూర్‌నగర్ ఎంతో దూరం కాదు. బస్సు ఎక్కితే వచ్చేస్తుంది.

ఊ కొమ్ము తిప్పడానికి వారం పట్టిన వేలు ఆ రోజు ఎట్లా కదిలిందో తెలియదు. "నువ్వు గోలీ ఏసుకున్నవా బిడ్డా," అని రాశాను. చూసినట్టు ఫోనులో టిక్కు పడింది. జవాబు రాలేదు. "మీ అమ్మ ఫోను నంబరు ఇయ్యి." చూసింది. "డాక్టరు దగ్గరికి నేను తోడొస్త. బస్టాండుల నిలబడి ఉంట." చూసింది. ఆ తర్వాత రాసినవి చూడనేలేదు.

మిల్లులో ఊడుస్తూ కూడా ఫోను నడుముకు దోపుకుని ఉంటున్నాను. మధ్యాహ్నం అన్నం వేళకు రోజూ అదే మాట రాస్తున్నాను. గోలీ ఏసుకున్నవా బిడ్డా. చూస్తుందో లేదో. ఒకవేళ వేసుకున్నానని రాసినా నేనెట్లా నమ్మాలి? నోరు తెరువు, నాలుక ఎత్తి చూపించు అని ఫోనులో ఎట్లా అడగాలో నాకు ఎవరూ నేర్పలేదు.